చొక్కా కూడా బరువైన వేసవి

ఉగాదికి నాలుగు రోజుల ముందు నా కుడి డొక్క మీద పొక్కులు లేచాయి. వెన్ను దగ్గర మొదలై బొడ్డు వైపు వరసగా. నాకు 61 ఏళ్ళు, విజయవాడ వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని, పొద్దస్తమానం పరుపు మీద కూర్చుని చీరలు విప్పడం, మడతపెట్టడం, చెమటలు కారడం మామూలే కాబట్టి చెమటకాయలనుకున్నాను. మా అత్తగారు చూసీ చూడగానే తేల్చేసింది. "అల్లుడుగారూ, ఇది అక్కి. రెండు కొసలూ కలవకముందే రాయించుకోండి" అంది.

రాయించుకున్నాను, ఎందుకు దాచడం. కుమ్మరాయన జాజుతో సింహం బొమ్మ గీశాడు, తడి తగిలిన కాసేపు చల్లగా హాయిగానే ఉంది. రెండు రోజులయ్యేసరికి లోపలి నుంచి మంట మొదలైంది. మూడో రోజు ఇక తట్టుకోలేక సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే పొక్కులు లేచి ఆరు రోజులు. 72 గంటల్లోపు మందు పడితే గుణం ఎక్కువట, ఆ గడువు నేను జాజు పూయించుకుంటూ పోగొట్టుకున్నాను. కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయని వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ 800 మి.గ్రా. మాత్రలు రోజుకు ఐదు చొప్పున వారం రాశారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది కదా, ఆ వైరస్సే ఇన్నేళ్ళూ నరాల ముడుల్లో నక్కి ఉండి ఇప్పుడు నరం వెంట బయటికొచ్చిందన్నారు.

పొక్కులు ఎండిపోయాయి. నొప్పి పోలేదు. బనియన్ అంచు తగిలితే చాలు, కాలిన చోట గరుకు కాగితంతో రుద్దినట్టుండేది. రోహిణి కార్తెలో ఇంట్లో ఒంటి మీద బట్ట లేకుండా తిరగొచ్చు, మరి కొట్లో? ఆడవాళ్ళకు చీరలు చూపించే ఉద్యోగం, చొక్కా లేకుండా కూర్చోలేను కదా. చొక్కాను కుడిచేత్తో ఒంటికి దూరంగా పట్టుకుని ఎడమచేత్తో చీరలు విప్పేవాణ్ణి. నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ మాత్ర వేసుకుంటే నొప్పి కొంచెం తగ్గేది గానీ బేరం మధ్యలో కునుకు పట్టేది, ఒకసారి గిరాకీ ముందే చీర మీదికి తూలాను. మూడు నెలలు దాటాక డాక్టరుగారే ఫిజియోథెరపీకి పంపారు, టెన్స్ అని, చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపే మిషన్ ఉంది, అది పెట్టి చూద్దాం, అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను అని ముందే అన్నారు. నాకు నచ్చింది ఆ మాటే.

ఫిజియో అమ్మాయి మిషన్ బయటికి తీయకముందే ప్రశ్నలు వేసింది. "అంకుల్, గుండెకు పేస్‌మేకర్ ఉందా? ఫిట్స్ వస్తాయా?" లేవన్నాక, మంట ఉన్న చోట కాకుండా వెన్ను పక్కన స్పర్శ మామూలుగా ఉన్న చర్మం మీద ప్యాడ్లు అంటించింది. ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి కరెంటు మెల్లగా పెంచింది. షాక్ కొడుతుందేమోనని పళ్ళు బిగబట్టుకున్నాను గానీ చీమలు పాకినట్టు జుమ్మని ఉంది, అంతే. పావుగంటకు అప్పుడే మంట కాస్త వెనక్కి జరిగినట్టనిపించింది.

ఇదెలా పనిచేస్తుందమ్మా అంటే, మోచెయ్యి గోడకు తగిలితే వెంటనే రుద్దుకుంటాం కదా అంకుల్, అదే అంది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన గేట్ సిద్ధాంతమట. వెన్నుపాములో గేటు లాంటిది ఉంటుంది, స్పర్శను మోసే లావు నరాలను కదిలిస్తే నొప్పిని మోసే సన్న నరాలకు ఆ గేటు మూసుకుంటుంది. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి, నా వెన్నులో ఒక్కటి సరిగ్గా దిగినా చాలన్నాను. నవ్వింది.

పది సార్లు వెళ్ళాక గవర్నర్‌పేటలో సర్జికల్ షాపులో 1,800 పెట్టి ఒకటి కొనుక్కున్నాను. అరచేతిలో పట్టే డబ్బా, నాలుగు ప్యాడ్లు, 9 వోల్టుల బ్యాటరీ. కరెంటు పోయినా నడిచే కరెంటు వైద్యం! చెమటకు ప్యాడ్లు జారిపోయేవి, ఒళ్ళు తుడుచుకుని ఫ్యాను కింద ఆరాకే అంటించాలి. ఒకరోజు తెలివి ఎక్కువై సరిగ్గా మంట ఉన్న చోటే పెట్టాను, పచ్చి పుండు మీద గుంటూరు కారం చల్లినట్టయింది. ఇంకో సంగతి, వారాలు గడిచేకొద్దీ అదే కరెంటు ఒంటికి అలవాటైపోయి మునుపటంత పనిచేయలేదు. ఫిజియో అమ్మాయి అప్పుడప్పుడు సెట్టింగు మార్చమంది, రోజంతా తగిలించుకుని కూర్చోవద్దంది.

మా బావమరిది మోకాళ్ళకని మిషన్ అడిగాడు. ఆయనకు పేస్‌మేకర్ ఉంది, ఇవ్వనన్నాను. రెండు వేల మిషన్‌కు ఇంత పిసినారితనమా అని నెల రోజులు మాట్లాడలేదు, వాళ్ళ గుండె డాక్టరు కూడా వద్దన్నాక గానీ మెత్తబడలేదు.

దీంతో జబ్బు నయమైందని చెప్పను. పెట్టుకున్న అరగంట, ఆ తర్వాత ఓ గంటో రెండు గంటలో నొప్పి తగ్గేది. రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టుకుంటే ఆ సందులో నిద్ర పట్టేసేది, నాకు కావలసింది అదే. నొప్పి దానంతటదే కూడా నెలనెలా తగ్గుతూ వచ్చింది, ఎంత మందు వల్ల, ఎంత మిషన్ వల్ల, ఎంత కాలం వల్ల అని విడదీసి లెక్క చెప్పలేను. దసరా గిరాకీకి రెండు చేతులతో చీరలు విప్పాను. మా ఆవిడకు మాత్రం ఈ జబ్బు రాకుండా టీకా రెండు డోసులూ వేయించాను, ఖరీదు చూసి గుండె ఝల్లుమంది.

అత్తగారు ఇప్పటికీ తన మాట మీదే ఉంది. మూడో రోజు రాయించుకోకుండా లేచిపోయారు కాబట్టే ఇన్నాళ్ళు పట్టిందట. నేను వాదించను. సాయంత్రం ఆరయ్యేసరికి "నాయనా, ఆ పెట్టె ఇటు తీసుకురా" అని మోకాళ్ళు చాపుతుంది, ఫిజియో అమ్మాయిని అడిగి ప్యాడ్లు అంటించేది నేనే.