పట్టికలో రెండు జీలుగు చెట్లు

మా ఆఫీసులో నన్ను ‘ఈబీ మేడం’ అంటారు. పర్యావరణ ప్రభావ నివేదికలో గాలికి ఒకరు, నీటికి ఒకరు, నేలకి ఒకరు అని నిపుణులు ఉంటారు. మొక్కలు, జంతువుల విభాగం ఎకాలజీ అండ్ బయోడైవర్సిటీ, దానికి ఈబీ అని పొట్టి పేరు. బోటనీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో చేరిన మూడేళ్ళకి నాకు దొరికిన మొదటి పెద్ద పని, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఒక పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టు. ఏ ప్రాజెక్టో, ఏ కంపెనీయో రాయను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తాను.

కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం. పగలు సోలార్ కరెంటు మిగిలిన వేళ నీళ్ళు పైకి తోడతారు. సాయంత్రం అందరూ స్విచ్చులు వేసే వేళకి కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఈ కొండలకి జలవిద్యుత్తు కొత్త కాదు, మాచ్‌ఖండ్‌లో 1955 నుంచే కరెంటు తీస్తున్నారు. సీలేరు నది మీద ఆ తర్వాత వరసగా వచ్చాయి. కొత్తదల్లా ఈ పైకీ కిందికీ తోడే పద్ధతి, ఇలాంటి ప్రాజెక్టులు ఒకేసారి ఇన్ని రావడం.

నా పని కాగితం మీద చాలా తేలిక. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం గీయాలి. అందులో ఏ మొక్కలున్నాయో, ఏ జంతువులున్నాయో మూడు కాలాల్లో చూడాలి: వానాకాలం, చలికాలం, వానలకు ముందు ఎండాకాలం. మ్యాపు మీద వృత్తం చక్కగా వచ్చింది. నేల మీద ఆ వృత్తంలో గుగ్గిలం అడవి ఉంది, పోడు కొండలున్నాయి, సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోటలున్నాయి, వలిసె చేలున్నాయి, రెండు గెడ్డలు, అంటే కొండవాగులు ఉన్నాయి, కనీసం ఇరవై పల్లెలున్నాయి.

పాడేరులో గది తీసుకున్నాం. నాతో ఇద్దరు ఫీల్డ్ అసిస్టెంట్లు. దారి చూపడానికి ప్రాజెక్టు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు. మొదటి రోజే ఆయన నా పరువు తీశాడు. నోట్‌బుక్కులో ఒక చోట తెల్లమద్ది అని, గెడ్డ ఒడ్డున ఏరుమద్ది అని రెండు పేర్లు రాసుకున్నాను. సాయంత్రం చదివి వినిపిస్తే ఆయన నవ్వాడు.

“అదీ ఇదీ ఒకటే కదమ్మా. మీ ఊళ్ళో నిన్ను ఒక పేరుతో పిలుస్తారు, ఆఫీసులో ఇంకో పేరుతో పిలుస్తారు. నువ్వు ఇద్దరివా?”

రెండూ టెర్మినేలియా అర్జునే. చదువుకున్నదాన్నే, తడబడ్డాను. అప్పటి నుంచి స్థానిక పేరు ఎదురుగా ఆకు, బెరడు, కాయ ఫొటోలు పెట్టకుండా ఏదీ రాయలేదు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని పాత నివేదికల్లోంచి జాబితాలు ఎత్తి రాసేవాళ్ళకి ఈ తంటా ఉండదు. నేను అలాంటి జాబితా ఒకటి చూశాను. తూర్పు కనుమల్లో ఉత్తరపు కొసన ఉన్న కొండకి ఎర్రచందనం రాశారు. శేషాచలం నివేదికలోంచి వచ్చి ఉంటుంది. ఆ చెట్టు అంత దూరం ఎలా నడిచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

చెట్లకి 10 మీటర్ల చదరం, పొదలకి 5, గడ్డీగాదానికి 1. వీటిని క్వాడ్రాట్లు అంటాం. తాడు కట్టి, లోపల ఉన్న ప్రతి చెట్టుకీ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయాలి. ఆ కొలతల నుంచి ఒక్కో జాతికి సాంద్రత, ఎన్ని చదరాల్లో కనిపించిందీ, కాండం ఎంత నేల ఆక్రమించిందీ లెక్కగట్టి, మూడిటినీ శాతాల్లోకి మార్చి కలిపితే ఆ అడవిలో ఆ చెట్టు ‘ప్రాముఖ్యం’ వస్తుంది. అన్ని జాతులవీ కలిపితే 300. ఈ 300 గురించి మళ్ళీ చెప్తాను, నన్ను పట్టుకున్నది అదే.

ఇంకో లెక్క షానన్ సూచిక. జాతులు ఎక్కువై, అన్నీ సమంగా ఉంటే అంకె పెరుగుతుంది. మా పొదల పట్టికలో ఈ అంకె మంచి గుగ్గిలం అడవి లోపల కన్నా రోడ్డు పక్కనే ఎక్కువ వచ్చింది. రోడ్డు పక్క లాంటానా, క్రోమొలీనా, పేరు తెలియని కలుపు పది రకాలు. సూచికకి కలుపూ జాతే. అడవి చెడిన చోట అంకె బాగుంది! ఆఫీసులో ఆ పట్టిక చూసి “డైవర్సిటీ బాగుందే” అన్నారు. కింద రెండు వాక్యాలు రాయకపోతే చదివేవాడు రోడ్డు వేస్తే అడవి బాగుపడుతుందని అనుకునేలా ఉంది.

వానాకాలం నరకం. సేకరించిన కొమ్మల్ని న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ప్రెస్‌లో బిగిస్తే రెండో రోజుకే బూజు. రోజుకి రెండుసార్లు కాగితాలు మార్చాలి, మార్చడానికి పొడి కాగితం ఎక్కడుంది? చివరికి బాబాయ్ వాళ్ళ ఇంట్లో పొయ్యి పైన అటక మీద పెట్టాం. వాళ్ళ మొక్కజొన్న కంకులు, మా హెర్బేరియం షీట్లు పక్కపక్కనే పొగలో ఆరాయి. యూనివర్సిటీలో గుర్తింపు కోసం ఇచ్చినప్పుడు అక్కడి మేడం షీటు ముక్కు దగ్గర పెట్టుకుని “ఏంటమ్మా, ఎండుచేపల వాసన?” అన్నారు. నా ఇద్దరు అసిస్టెంట్లలో ఒకడికి ఆ నెలలోనే మలేరియా వచ్చింది. దోమతెర కట్టుకోమని రోజూ నేనే చెప్పేదాన్ని, తెర కొనివ్వాలని మాత్రం తోచలేదు. తర్వాత కొన్నాం.

పక్షులు, చేపల పని ఆ తర్వాత నడిచింది. తెల్లవారుజామున ఒక్కో చోట కదలకుండా నిలబడి విన్నవి, కన్నవి రాయడం. ఒక ఉదయం మలబార్ ట్రోగన్ కొమ్మ మీద అయిదు నిమిషాలు కూర్చుంది, నేను రాయడమే మరిచిపోయాను. గెడ్డలో పల్లె కుర్రాళ్ళు వల విసిరితే రాళ్ళకు అతుక్కుని బతికే గర్రా చేపలు వచ్చాయి.

అసలు టెన్షన్ జంతువులతో మొదలైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్-1 అని ఒక జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్న జంతువు ప్రాజెక్టు ప్రాంతంలో కనిపిస్తే దానికో సంరక్షణ ప్రణాళిక రాయాలి, డబ్బు చూపించాలి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదం తెచ్చుకోవాలి. అంటే ఆలస్యం, ఖర్చు. అందుకే ఫోన్ చేసినప్పుడల్లా మా బాస్ మొదటి ప్రశ్న “షెడ్యూల్-1 ఏమన్నా తగిలిందా?” అనే. పరీక్షలో ఫెయిలయ్యావా అని అడిగినట్టుండేది. పైగా 2022 సవరణతో జాబితాలే మారిపోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు షెడ్యూల్-2లో ఉన్న నాగుపాము, గిరినాగు కూడా ఒకటిలోకి ఎక్కాయి. ఆఫీసులో అందరూ వాడే ఎక్సెల్ షీటు పాతది. నేను మార్చేదాకా దాన్ని ఎవరూ మార్చలేదు.

నెమలి, ఉడుము, ఎలుగుబంటి ఎలాగూ జాబితాలోకి వచ్చాయి. వాటికి ప్రణాళిక మామూలే, పాత నివేదికల్లోని పేరాలు ఉన్నాయి. అలుగు, అదే పాంగోలిన్, దాని సంగతి వేరు.

సొరంగాలు తవ్విన రాళ్ళూ మట్టీ పొయ్యడానికి ఒక చోటు కావాలి. దాన్ని మక్ డంపింగ్ యార్డు అంటారు. జలాశయం ముంపు గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఇలాంటి ప్రాజెక్టులో కొండకి తగిలే దెబ్బ సగం రోడ్లు, ఈ మట్టి దిబ్బలు, కరెంటు లైన్లదే అని నా లెక్క. ఆ యార్డు కోసం చూసిన వాలులో బాబాయ్ ఒక పగిలిన చెదల పుట్ట చూపించాడు. గోళ్ళ గీతలు తాజాగా ఉన్నాయి. పక్కనే గుండ్రటి బొరియ, ముందు కొత్త మట్టి.

“అలుగు. దాన్ని చూడాలంటే నువ్వు దానికన్నా ఎక్కువ మేలుకోవాలి.”

అటవీశాఖ అనుమతితో పెట్టిన కెమెరాల్లో ఒకటి అక్కడికి మార్చాను. రెండు వారాల పాటు ఆవులు, మేకలు, ఒక ముళ్ళపంది, కెమెరాలోకి మొహం పెట్టి పళ్ళు చూపించిన ముగ్గురు పిల్లలు. పదిహేడో రాత్రి ఒంటిగంటన్నరకి ఫ్రేము మూలలో పొలుసుల వీపు, తోక. అంతే. తల లేదు. ఆ ఫొటో చూసి గదిలో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను, పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు.

బాస్‌కి పంపితే చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి “తల కనపడట్లేదు కదా, ఖాయంగా చెప్పగలవా?” అన్నారు. ఆ పొలుసులు ఇంకే జంతువుకీ ఉండవు సార్ అన్నాను. ‘స్థానికులు ఉందని చెప్పారు’ అని రాద్దామా అన్నారు. ఫొటో ఉండగా అలా ఎందుకు రాయాలి? రెండు రోజులు వాదన నడిచింది. ఆయన్ని నేనేమీ విలన్ చెయ్యను, మలేరియా వచ్చిన కుర్రాడి ఆసుపత్రి బిల్లు జేబులోంచి కట్టినాయన. చివరికి ఫొటోతో సహా రాశాం. బొరియ ఉన్న చోటు మాత్రం అందరికీ దొరికే ప్రతిలో పెట్టలేదు, అలుగుని పొలుసుల కోసం వేటాడేవాళ్ళు కూడా నివేదికలు చదవగలరు.

కంపెనీ యార్డు స్థలం మార్చడానికి ఒప్పుకుంది. నేను అనుకున్నదానికన్నా తొందరగా ఒప్పుకుంది. ఆ వారం అంతా నాకు కాళ్ళు నేల మీద లేవు.

కొత్త చోటు ఎంచినప్పుడు వాళ్ళు చూసింది నా పట్టికే. అక్కడ చెట్ల సాంద్రత తక్కువ, షెడ్యూల్ జంతువుల ఆనవాళ్ళు లేవు, మంచి కలప లేదు. అంకెలన్నీ నేను ఇచ్చినవే, నిజమైనవే.

ప్రజాభిప్రాయ సేకరణకి నెల ముందు నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఆ అనువాదం నేనే అడిగి చేశాను, లేకపోతే ‘వృక్షజాల వైవిధ్య సూచిక’ లాంటి మాటలతో నింపేస్తారు. సభ రోజు షామియానా కింద పోలీసులు, అధికారులు, మైకు. చాలామంది భూమి గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడారు. బాబాయ్ వంతు వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు.

“కొత్తగా మట్టి పోస్తామన్న గెడ్డ పక్కన మా జీలుగు చెట్లున్నాయి. ఈ పుస్తకంలో ఎన్ని రాశారు?”

రెండు. మొత్తం చదరాల్లో తగిలినవి రెండు. 300లో దాని వాటా ఒకటిన్నర కూడా లేదు.

జీలుగు తాటి, ఈత లాంటి కల్లు చెట్టు. వాలంతా సమంగా పెరగదు. తేమ ఉన్న గెడ్డ వారనే, గుంపుగా పెరుగుతుంది. నేను చదరాలు వేసింది వాలు మీద, లాటరీ తీసినట్టు ఎక్కడంటే అక్కడ. పద్ధతి ప్రకారం అదే సరైనది. ఆ పద్ధతికి ఈ చెట్టు దొరకదు. చేప తోక లాంటి ఆకులతో ఎక్కడి నుంచైనా కనిపించే చెట్టు. ఆరు నెలలు దాని కిందనే కూర్చుని అన్నం తిన్నాను, వాళ్ళిచ్చిన జీలుగు కల్లు కూడా రుచి చూశాను. పూతకి రావడానికే పదేళ్ళు దాటుతుంది. ఒక్కో చెట్టూ ఒక్కో ఇంటిది. కరువు రోజుల్లో కాండంలోని పిండి తిని బతికామని ముసలమ్మలు చెప్పారు. పునుగుపిల్లులు పళ్ళు తిని గింజలు చల్లుతాయి. ఏ షెడ్యూల్లోనూ లేదు.

సభలో లేచిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో జవాబు రాయాలి. అది పట్టుకుని ఇంకోసారి వెళ్తానన్నాను. “మూడు కాలాలూ అయిపోయాయి కదా, దేనికి?” అని బాస్. సొంత సెలవు పెట్టి వెళ్ళాను.

బాబాయ్ గుమ్మంలోనే ఉన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను.

“నన్ను ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా.”

“అలుగు గురించి అడిగాను బాబాయ్. దీని గురించి అడగాలని తెలీలేదు.”

ఈసారి తాడు లేదు, చదరం లేదు. గెడ్డ మొదలు నుంచి యార్డు హద్దు దాకా వార వెంటే నడిచాం. ప్రతి చెట్టు దగ్గరా ఆయన ఆగి ఎవరిదో చెప్పాడు: పెద్దకూతురిది, తమ్ముడిది, చనిపోయిన మేనమామది, కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న గింజది. నేను చుట్టుకొలత రాసుకుని జీపీఎస్ నొక్కాను. రెండు రోజులు పట్టింది. అరవై నాలుగు చెట్లు. మొలకలు వేరే.

కొత్త పట్టికలో ‘యజమాని’ అని ఒక నిలువు వరస కలిపాను. మా ఆఫీసు నమూనాలో అలాంటి వరస లేదు, ఫార్మాటింగ్ చూసే కుర్రాడు రెండుసార్లు తీసేశాడు, రెండుసార్లు పెట్టాను. తుది నివేదికకి అనుబంధంగా వెళ్ళింది. యార్డుని ఇంకో చోటికి మార్చే విషయం పరిశీలిస్తామని కంపెనీ ఒక వాక్యం రాసింది. మొన్న వానలకి బాబాయ్ ఫోన్ చేశాడు. యార్డు సంగతి చెప్తాడేమో అనుకున్నాను. ముప్పై ఎనిమిదో నంబరు చెట్టు గెల వేసిందట, కల్లుకి రమ్మన్నాడు.