చక్రం ఒళ్లో పెట్టుకుని విజయనగరం

శ్రీకాకుళం దగ్గర శాలిహుండం కొండకి సగంలో సైకిల్ దిగి తోసుకుంటూ వెళ్లిన రోజే గేర్లు మార్చాలని తేల్చుకున్నాను. పాత టూరింగ్ సైకిల్, స్టీల్ ఫ్రేము, ముందు 52, 42 పళ్లు, వెనక ఆరు గేర్ల ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి, 14 నుంచి 28 పళ్లు. అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకటిన్నర చుట్లు తిరగాలి. వెనక సామాను సంచులుంటే మోకాళ్లు ఏమవుతాయి?

ఒక పెద్ద షాపులో అడిగితే హబ్బు, చక్రం అన్నీ మార్చి, ఫ్రేములో వెనక చక్రం ఇమిడే సందుని 126 మిల్లీమీటర్ల నుంచి 135కి సాగదీయాలన్నారు, 9 వేలట. చాలా కోపం వచ్చింది. నాకు కావలసిన, ఇంకా పెద్ద పళ్ల చక్రం ఉన్న ఏడు గేర్ల ఫ్రీవీల్ 126లోనే పడుతుంది, నావి క్లిక్కులు లేని పాత గేరు లివర్లు కాబట్టి ఆరైనా ఏడైనా వాటికి ఒకటే. చిక్కల్లా పాత ఫ్రీవీల్ ఊడకపోవడమే. తొక్కేకొద్దీ బిగుసుకునే వస్తువు కదా. పైగా రెండు గాట్ల రకం, దాని పానా శ్రీకాకుళంలో నాకు దొరకలేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఒక పెద్దాయన దగ్గర ఉందని తెలిసి, చక్రం ఒక్కటే ఊడదీసి కాంప్లెక్సులో బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుంటానన్నా కండక్టర్ వినలేదు, లగేజీకి 40 రూపాయలు. రణస్థలంలో బస్సు నిండిపోయింది. పక్కన కూర్చున్న ముసలమ్మ బెండకాయల సంచి రిమ్ముకి ఆనించి, ఫ్రీవీల్‌ని వేలితో వెనక్కి తిప్పి ఆ టిక్ టిక్ వింది. "మా ఇంటాయన సైకిలూ ఇలగే అరిచేది బాబూ. సందు మొదట్లో ఉండగానే వచ్చేస్తన్నాడని తెలిసిపోయేది" అంది. ఆ తర్వాత నాతవలస దాకా ఏమీ మాట్లాడలేదు, తిప్పుతూనే ఉంది. 40 రూపాయల కోపం ఎక్కడ పోయిందో తెలీదు.

"ఏటి బాబూ, చక్రమొకటే అట్టుకొచ్చినావు?" అన్నాడు పెద్దాయన. పానాని గాట్లలో పెట్టి, జారకుండా ఇరుసు నట్టుతో నొక్కి, పానాని వైస్‌లో బిగించి, చక్రాన్నే లారీ స్టీరింగులా పట్టుకుని ఎడమకి తిప్పమన్నాడు. రెండో ఊపుకి టప్పున కదిలింది. వెంటనే ఆపించి నట్టు వదులు చేశాడు. కొత్త 14-34 ఫ్రీవీల్‌కి 700 తీసుకున్నాడు, మరకి గ్రీజు రాసి ఎక్కించినందుకు మాత్రం 50 చాలన్నాడు. చైనుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే నా పాత డిరైలర్ ఫోటో చూసి, ఇది 34 పళ్లని దాటదు, రాసుకుంటుంది అన్నాడు. ముందు 10, వెనక 20, మొత్తం 30 పళ్ల తేడాకి వదులయ్యే చైనుని లాగాలంటే పొడుగు చెయ్యి ఉన్న డిరైలర్ కావాలి. వాడిన షిమానో ఒకటి డబ్బాలోంచి తీసిచ్చాడు.

ఇంటికొచ్చాక చైనుని రెండు పెద్ద పళ్ల చక్రాల మీద చుట్టి, రెండు లింకులు ఎక్కువ ఉంచి తెంపాను. చైను స్పోక్స్‌లో పడకుండా డిరైలర్ లోపలి హద్దు స్క్రూ సరిచేయడానికే ఒక సాయంత్రం పట్టింది.

ఆదివారం మళ్లీ శాలిహుండం వెళ్లాను. ఈసారి చివరి మలుపు దాకా తొక్కాను, అక్కడ దిగి వంశధార చూస్తూ నీళ్లు తాగాను. ఆ మలుపు కూడా తొక్కాలంటే ముందున్న 42 తగ్గాలి. నా క్రాంకుకి, అంటే పెడల్ చేతికి, ముందు పళ్ల చక్రాన్ని బిగించే బోల్టుల వలయం 130 మిల్లీమీటర్లు, 38 కంటే చిన్నది పట్టదు. 38 పళ్లది ఉందేమో అడగడానికి వచ్చే వారం మళ్లీ గంటస్తంభం వెళ్తున్నాను.