సొంత క్యూతో పూల్ ఆట
ఈ మధ్య పూల్ (టేబుల్ మీద బంతుల్ని కర్రతో కొట్టి రంధ్రాల్లో వేసే ఆట) ఆడటానికి సొంత క్యూ, అంటే ఆ కర్ర, తీసుకెళ్తున్నాను. కేస్ తెరిచి రెండు ముక్కలు బిగిస్తుంటే పక్క టేబుల్ కుర్రాళ్లు "అన్నా, టోర్నమెంట్లు ఆడతావా?" అని అడిగారు. లేదు తమ్ముడూ, ఈ ఆటంటే ఇష్టం, అంతే.

పార్లర్‌లో గోడకి నిలబెట్టిన క్యూలు ఎన్నో చేతులు మారతాయి. టేబుల్ మీద దొర్లించి చూడండి, ఊగిందంటే కర్ర వంగినట్టే. అసలు ప్రాణమంతా చివరనున్న తోలు టిప్‌లో ఉంది. అది నున్నగా గట్టిపడిపోతే దానికి రాసే చాక్ పొడి నిలవదు, స్పిన్ కోసం బంతిని కాస్త పక్కగా కొట్టగానే జారిపోతుంది. పైగా పూల్ లాంటిదే అయిన స్నూకర్ ఆటలో క్యూ టిప్ సుమారు 9-10 మి.మీ. ఉంటే, పూల్ క్యూది 12-13 మి.మీ. ఉంటుంది. పూల్ బంతులు పెద్దవి, బరువైనవి కదా! కొన్నిచోట్ల రెండు ఆటలకీ ఒకే కర్ర చేతికిస్తారు, అది నాకు నచ్చదు.

సొంత క్యూ అయితే బరువు, పట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. షాట్ తప్పితే కర్రని కాదు, నా స్టాన్స్‌నే, అంటే నిలబడే తీరునే చూసుకుంటాను. ఎండలో కారులో మాత్రం వదలను, చెక్క వంగిపోతుంది.

కొనాలనుకునేవాళ్లు ముందు టిప్, బరువు చూడండి. డిజైన్ సంగతి తర్వాత.