కెప్టెన్ గారి జీతాల రోజు

నాన్న పోయిన తరువాత పలకరించడానికి వచ్చినవారిలో చాలామంది ఒకే మాట అన్నారు. మిలటరీ మనిషి కాబట్టే అంత క్రమశిక్షణతో వ్యాపారం నడపగలిగారని. నేను విని ఊరుకున్నాను గాని, ఆ మాటతో నాకు ఏకీభావం కుదరలేదు. ఆయన బల్ల మీద పేరుకున్న బిల్లులను, నూనె మరకలతో అంటుకుపోయిన డ్రాయింగులను చూసినవారెవరూ ఆయనకు క్రమశిక్షణను అంటగట్టరు. సైన్యం నుంచి ఆయన తెచ్చుకున్నది వేరు. ఎవరి అవసరం ముందు తీరాలి, ఎవరిది ఆ తరువాత అనే ఒక వరుసను ఆయన అక్కడ నేర్చుకున్నారు. ఆ వరుసే ఆయన వర్క్‌షాపును నిలబెట్టింది, మా ఇంట్లో కొన్ని తగాదాలకు కారణం కూడా అయింది.

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం మొదలై దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించేనాటికి నాన్న మెకానికల్ ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నారు. సైన్యానికి ఉన్నపళంగా అధికారులు పెద్ద సంఖ్యలో కావలసివచ్చి, ఎమర్జెన్సీ కమిషన్ పేరిట, అంటే తాత్కాలికంగా అధికారి హోదా ఇచ్చి, యువకులను చేర్చుకున్న రోజులవి. 1963లో మద్రాసులో కొత్తగా తెరిచిన ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూలులో కొద్ది నెలల శిక్షణ, ఆపైన సికింద్రాబాదు తిరుమలగిరిలో కోర్సు పూర్తిచేసుకుని, ట్యాంకుల నుంచి తుపాకుల దాకా సైన్యం వాడే యంత్రాలన్నింటినీ మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో ఆయన అధికారి అయ్యారు. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన 1965 సెప్టెంబరులో సియాల్‌కోట్ సెక్టారులో ఉన్నారు. ఫిల్లోరా, చవిండాల దగ్గర ట్యాంకుల పోరు సాగిన ఆ రోజుల గురించి ఆయన చెప్పింది చాలా తక్కువ. దెబ్బతిన్న సెంచూరియన్ ట్యాంకులను రాత్రిపూట వెనక్కి లాక్కువచ్చేవారని, వెలుతురు కనిపిస్తే శత్రువు గురిపెడతాడు కాబట్టి టార్చి వెలిగించకుండా బోల్టు తలను వేళ్లతో తడిమి ఏ సైజు స్పానరు కావాలో చెప్పేవారని మాత్రం ఒకసారి అన్నారు. ఆ అలవాటు ఆయనకు చివరిదాకా పోలేదు. మాటల్లో ఉండి, ఎటో చూస్తూనే, పెట్టెలో చేయిపెట్టి సరైన స్పానరు తీసేవారు.

1932 డిసెంబరు 10న డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీని ప్రారంభిస్తూ అప్పటి సర్వసేనాధిపతి చెట్‌వుడ్ చేసిన ప్రసంగంలోని కొన్ని వాక్యాలు భారత సైన్యంలో అధికారులందరికీ కంఠతా వస్తాయి. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ మొదట. నీ కింద పనిచేసే సిపాయిల గౌరవం, సంక్షేమం, సౌఖ్యం ఆ తరువాత. నీ సొంత సుఖం, భద్రత ఎల్లప్పుడూ ఆఖరున అని వాటి సారాంశం. నాన్న చదివింది డెహ్రాడూన్‌లో కాకపోయినా ఈ మాటలను ఆయన అక్షరాలా నమ్మారు. గోడకు కట్టి మరిచిపోయే రకం నమ్మకం కాదు కాబట్టే చిక్కు వచ్చింది.

పర్మనెంటు కమిషన్, అంటే శాశ్వత హోదా, దక్కని ఎమర్జెన్సీ అధికారులను ప్రభుత్వం దశలవారీగా విడుదల చేసినప్పుడు, 1968లో, నాన్న కూడా పెన్షను లేకుండా బయటికి వచ్చారు. అలా వచ్చినవారికి సివిల్ సర్వీసుల్లో కొన్ని ఖాళీలు కేటాయించారు కనుక పరీక్ష రాయమని తాతయ్య పట్టుబట్టారు. ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ కూర్చోవడం తన వల్ల కాదని నాన్న తేల్చేశారు. 1969లో బ్యాంకుల జాతీయీకరణ జరిగి చిన్న పరిశ్రమలకు అప్పు పుట్టడం కాస్త సులువైన తరువాత, ఆ మరుసటి సంవత్సరం విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని డీజిల్ ఇంజన్ల సిలిండర్లకు డీజిలును కొలిచి పంపే ఇంజెక్షన్ పంపులు బాగుచేసే పని మొదలుపెట్టారు.

ఆ షెడ్డులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టెస్ట్ బెంచి. పంపును దానికి బిగించి తిప్పితే, ఒక్కో సిలిండరుకు వెళ్లవలసిన డీజిలు ఒక్కో గాజు గొట్టంలోకి పడుతుంది. ఆరు గొట్టాల్లోనూ మట్టం ఒకే గీత దగ్గర నిలిస్తేనే పంపు సరిగా ఉన్నట్టు. ఒక దానిలో కాస్త తగ్గినా లారీ ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపుతుంది, పొగ కక్కుతుంది. నాన్న గొట్టాల ఎత్తుకు సరిగ్గా కళ్లు వచ్చేలా వంగి, ఊపిరి బిగబట్టి చూసేవారు. నాజిల్ పరీక్షించే చోటికి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. అంత ఒత్తిడితో వచ్చే డీజిలు తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదని, అది బయటికి కనిపించే గాయం కన్నా ప్రమాదమని మేస్త్రీలకు రోజూ చెప్పినట్టే నాకూ చెప్పేవారు.

జీతాల రోజున ఆ వరుస బయటపడేది. మొదట మేస్త్రీలకు, కుర్రాళ్లకు, తరువాత విడిభాగాల దుకాణాలకు, తరువాత బ్యాంకు వాయిదా, మిగిలితే ఇంటికి. ఒక సంవత్సరం లారీల యజమాని ఒకాయన పెద్ద మొత్తం ఎగవేసినప్పుడు ఇంటికి మిగిలింది సున్నా. అమ్మ పచారీ కొట్లో ఖాతా పెట్టి నెట్టుకొచ్చింది. ఆ రాత్రి ఆమె అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తు.

"ఏమండీ, మీ సైన్యం లెక్కలో ఆఫీసరు పెళ్లాం ఏ వరుసలో వస్తుంది?"

"నువ్వు నా వరుసలోనే కదా" అన్నారు నాన్న, అందులో తప్పేముందన్నట్టు.

"అంటే ఆఖర్నన్నమాట" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ నేను అమ్మ పక్షమే. మమ్మల్ని తనలో భాగంగా లెక్కవేసుకోవడం ప్రేమే కావచ్చు. కాని తన సుఖాన్ని వదులుకునే హక్కు ఆయనకు ఉంది గాని, మా తరఫున మాది వదిలేసే హక్కు ఎవరిచ్చారు? అయితే ఈ లెక్క డబ్బుకే వర్తించేది, సమయానికి వర్తించేది కాదు. తమ్ముడి పురుడుకు అమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడు, నా బడి పోకూడదని నన్ను తన దగ్గరే ఉంచుకుని, రోజూ పొద్దున్నే రెండు జడలూ ఆయనే వేసి పంపారు. ట్యాంకును లాగే తాడు ముడివేసినంత బిగువుగా ఉండేవి ఆ జడలు. కొసలు సమానంగా వచ్చాయో లేదో చూడటానికి నన్ను నిటారుగా నిలబెట్టి, స్కేలు పెట్టి కొలిచేవారు. ఇంట్లో ఆయన ఎవరికీ ఆజ్ఞ ఇచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఏదైనా చేయించాలంటే కారణం చెప్పేవారు, అది మాకు నచ్చకపోతే వాదించనిచ్చేవారు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత, రైతుల ఆయిల్ ఇంజన్లు ఉప్పునీటిలో మునిగి బండ్ల మీద ఆటోనగర్ చేరాయి. ఇంజెక్షన్ పంపులో పైకీ కిందికీ ఆడే ప్లంజరు కడ్డీకి, అది ఆడే బ్యారెల్ గొట్టానికి మధ్య ఉండే సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు మాత్రమే. అందులో ఉప్పు తుప్పు పడితే రెండూ కరుచుకుపోతాయి. చాలావాటిని కిరసనాయిల్లో నానబెట్టి, ఓపికగా విడదీసి, పనికొచ్చినవాటిని నునుపు చేసి బిగించారు. ఆ పనికి కూలి తీసుకోలేదు, మేస్త్రీలకు మాత్రం జీతం ఆపలేదు. ఆ నెల అమ్మ ఏమీ అనలేదు. మనుషులను వేలల్లో పోగొట్టుకున్న సీమ నుంచి వచ్చినవారిని ఆమె కూడా చూసింది.

నేను హాస్టలులో చేరాక ఉత్తరాలు మొదలయ్యాయి. సైన్యంలో నేర్పే పద్ధతిలోనే పేరాలకు అంకెలు వేసి, సాయంత్రం ఆరున్నరను 1830 అని రాసి, ఇన్‌లాండ్ కవరులో అంగుళం ఖాళీ లేకుండా నింపేవారు. ఒకటో పేరా అమ్మ ఆరోగ్యం, రెండు తమ్ముడి మార్కులు, మూడు వర్క్‌షాపు. నాలుగులో నేను వెనకటి ఉత్తరంలో అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఉండేది. ఫిజిక్సు పరీక్ష పోయిందని ఏడుస్తూ రాసినప్పుడు మాత్రం అంకెలేవీ లేవు. సాయంత్రం బండికి బయలుదేరి వస్తున్నానని ఒక్క వాక్యం. ఆ ఉత్తరం కన్నా ముందే ఆయన వచ్చేశారు.

2000 తరువాత ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్లు పెరిగి పాత పంపుల పని పలచబడింది. అప్పుడు షెడ్డును, టెస్ట్ బెంచిని అమ్మకుండా, మొదటి నుంచీ తనతో ఉన్న పెద్దమేస్త్రీకి అప్పగించాలని నాన్న అనుకున్నారు. మంచి బేరం వచ్చిన మాట వాస్తవమే. మా ఇద్దరికీ ఒకే ఉత్తరం రెండు ప్రతులుగా వచ్చింది. మూడు పేరాల్లో కారణాలు, నాలుగో పేరాలో మా అభిప్రాయం తిరుగుటపాలో రాయమన్న కోరిక. అయిదో పేరా ఇది: "ఈ సంగతి మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ పని మీలో ఎవరైనా చేయగలరేమో ఆలోచించండి."

చెప్పింది నేనే. అమ్మ ఉత్తరం తీసుకుని అయిదు పేరాలూ రెండుసార్లు చదివి, "ఈసారి కనీసం అడిగారు, ఇచ్చేయమని రాయి" అంది.