తేయాకు మధ్య మిగిలిన అడవిలో

తమిళనాడులో ఆళియార్ నుంచి వాల్పారైకి కొండ ఎక్కాలంటే 40 హెయిర్‌పిన్ మలుపులు. పైకి చేరాక ఎటు చూసినా పచ్చగానే ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం తేయాకే. 1890లలో తోటల కోసం నరకడం మొదలుపెట్టిన వర్షారణ్యం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఏ ముక్క ఆరోగ్యంగా ఉందో, ఏది లోలోపల చిక్కిపోతోందో రోడ్డు మీంచి చూస్తే తెలీదు. సీతాకోకచిలుకలు చెప్తాయని మా చెల్లెలు ఎప్పుడూ అంటుంది. తన రీసెర్చ్ అదే. ఈసారి నేనూ తనతో వెళ్లాను.

సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టే పద్ధతి తేలికే. ఒకే దారిలో, ఒకే వేగంతో నెమ్మదిగా నడవాలి. 5 మీటర్ల వెడల్పులో, మన ముందు కనపడినవే రాసుకోవాలి. దాటిపోయినదాని కోసం వెనక్కి తిరగకూడదు. బ్రిటన్‌లో 1976 నుంచి ఏటా ఇలాగే లెక్కిస్తున్నారు. మంచు విడిచి ఎండ పడేదాకా ఒక్కటీ ఎగరదు కాబట్టి పొద్దున్నే లేచినా లాభం లేదు.

మొదట అడవి అంచున నడిచాం. లాంటానా కంప నిండా పూలు, పూల నిండా రెక్కలు. గ్రాస్ యెల్లోలు, లెమన్ పాన్సీలు, బ్లూ టైగర్లు... నేను పేర్లు చెప్పించుకుని రాసేలోపే ఇంకో రెండు వచ్చి వాలేవి. పేజీ నిండిపోయింది.

తర్వాత అనుమతి తీసుకున్న దారిలో లోపలికి వెళ్లాం. పది అడుగుల్లో వెలుతురు సగమైంది. కాళ్లకు జలగలు. గంట నడిచినా సగం పేజీ కూడా నిండలేదు.

"ఇదేంటమ్మా, అంచే బాగున్నట్టుందే" అన్నాను.

"ఎన్ని వచ్చాయని కాదన్నయ్యా, ఏవేవి వచ్చాయో చూడు" అంది.

ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అంచున కనిపించినవన్నీ ఎండను కోరేవి. పొలం గట్టు మీదైనా, ఖాళీ జాగాలోనైనా బతికేస్తాయి. అడవిని ముక్కలు చేస్తే అలాంటివి పెరుగుతాయి కూడా. అడవి ముక్కలైతే ఏమవుతుందో చూడ్డానికే బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 1979లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కల్ని దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చారు. అక్కడా ఇదే తేలింది: బయటి రకాలు లోపలికి చొరబడి సీతాకోకచిలుకల రకాలు పెరిగాయి, నీడలో బతికేవి తగ్గాయి. మొత్తం సంఖ్య ఒక్కటే చూసి అడవి బాగుందనుకుంటే మోసపోయినట్టే. పూలతో కళకళలాడే లాంటానా నన్ను సరిగ్గా అలాగే మోసం చేసింది.

కొంచెం ముందుకెళ్లాక చెల్లెలు ఒక ఈశ్వరి జాతి తీగ ఆకును మెల్లగా తిప్పింది. కింద ఒక గొంగళిపురుగు. మగ్గిన నేరేడు రంగు ఒళ్లు, ఒంటి నిండా మెత్తటి కొమ్ముల్లాంటివి, నడుం మీద ఏటవాలుగా ఒక లేత పట్టీ. సదరన్ బర్డ్‌వింగ్ పిల్ల. మన దేశంలోని అతి పెద్ద సీతాకోకచిలుకల్లో ఒకటి. రెక్కలొచ్చాక ఎంత దూరమైనా ఎగురుతుందేమో గానీ, ఈ దశలో దానికి ఈ తీగ, దీని దగ్గరి చుట్టాలైన మొక్కలే దిక్కు. తీగ ఉండాలంటే ఎక్కడానికి చెట్లుండాలి, నేలలో చెమ్మ ఉండాలి. మహావృక్షమైతే కింద ఒక్క మొలక లేకపోయినా దశాబ్దాలు నిలబడే ఉంటుంది, అడవి ఇంకా ఉందనిపిస్తుంది. సీతాకోకచిలుకలు అంతకాలం దాచవు. వాటి బతుకే కొన్ని వారాలు. తిండి మొక్క పోతే కొద్ది తరాల్లోనే అవీ పోతాయి. కాళ్ల దగ్గర ఎండుటాకుల్లో బుష్ బ్రౌన్ సీతాకోకచిలుకలు లేచి, రెండడుగులు ఎగిరి, వాలగానే ఆకుల్లో కలిసిపోయేవి. వాటిని గుర్తుపట్టడానికి నాకు ఒక పూట పట్టింది. అంచున వాటి ఊసే లేదు.

మధ్యాహ్నం వెనక్కి వస్తుంటే చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెట్ల మధ్య అరచేతి కంటే పెద్దగా ఒక తెల్లటి సీతాకోకచిలుక. నల్ల చుక్కలు. రెక్కలు ఆడిస్తోందా లేదా అన్నట్టు గాలి మీద తేలుతోంది. మలబార్ ట్రీ నింఫ్. పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు, దట్టమైన తడి అడవినే కోరుకుంటుంది. దీన్ని చూడాలని చెల్లెలు మూడు రోజులుగా ఎదురుచూస్తోంది.

అది మా ముందే తేలుతూ అడవి చివరిదాకా వెళ్లింది. అక్కడ చెట్లు ఆగిపోయి తేయాకు మొదలవుతుంది. ఎండ పడే చోటికి వచ్చి, గాల్లోనే కాసేపు తారాడి, వెనక్కి తిరిగి నీడలోకి వచ్చేసింది. తేయాకు అవతల, కనుచూపు మేరలోనే ఇంకో అడవి ముక్క ఉంది. చెల్లెలు టైం చూసి పుస్తకంలో రాసుకుంది: ఒకటి, అంచు దాటలేదు.