ఐదు మూడు సున్నలు

మా గుర్రంపోడు వైపు బత్తాయి తోటలకు ఎండాకాలం రాకముందే నీళ్ల దిగులు పట్టుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో పాత బోరు పూర్తిగా ఎండిపోవడంతో మా చిన్నాయన కొత్త బోరు వేయించాడు. శనివారం రాత్రంతా నడిచిన బోరు బండి 540 అడుగుల దగ్గర ఆగింది. నీళ్లు పడ్డాయి. కేసింగు పైపులతో కలిపి లెక్క 71,000 రూపాయలకు తేలింది. చేతిలో ఉన్న 25,000 అక్కడికక్కడే ఇచ్చి, మిగతా 46,000 బోరు బండి ఏజెంటు ఖాతాలో వేయమని నల్గొండలో ఉన్న నాకు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ 46,000 ఎవరి ఖాతాలోనో పడి, పంతొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది.

చిన్నాయన బండి పక్కనే నిలబడి, ఆ చప్పుడులో, ఏజెంటు చీటీ మీద రాసిచ్చిన ఖాతా సంఖ్యను గట్టిగా చదివాడు. మధ్యలో ఒకచోట "ఐదు, మూడు సున్నలు" అన్నాడు. ఆయన ఉద్దేశం ఐదు, దాని పక్కన సున్నలు మూడు. నాకు మాత్రం అది ఐదు, మూడు, ఆపైన సున్నలు అన్నట్టు వినిపించింది. సున్నలు అన్నాడు గనుక రెండై ఉంటాయనుకుని 5300 అని రాసుకున్నాను. 5000 అన్నా 5300 అన్నా అంకెలు నాలుగే కాబట్టి మొత్తం అంకెల లెక్క కూడా సరిపోయింది. ఎందుకైనా మంచిదని మరోసారి చదవమన్నాను. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు, నేను మళ్లీ అదే విన్నాను. బ్యాంకు యాప్ ఖాతా సంఖ్యను రెండుసార్లు కొట్టిస్తుంది గానీ, ఆ జాగ్రత్త వేళ్ల తప్పును పట్టుకుంటుందే తప్ప చెవి తప్పును పట్టుకోలేదు.

ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు పంపే నెఫ్ట్ పద్ధతిలో పంపాను. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ సెలవు రోజుల్లో కూడా, రాత్రింబవళ్లూ, అరగంటకొక విడతగా నడుస్తోంది కాబట్టి ఆదివారం అడ్డం కాలేదు. మధ్యాహ్నం ఏజెంటు ఫోన్ చేసి డబ్బు పడలేదన్నాడు. నా ఖాతాలోంచి పోయిందని నేను, తన ఖాతాలోకి రాలేదని అతను కాసేపు వాదించుకున్న తర్వాత, అతను తన పాసు పుస్తకం మొదటి పేజీని ఫొటో తీసి పంపాడు. రెండు సంఖ్యలనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, ఎడమ నుంచి ఒక్కొక్క అంకెనే పెన్నుతో కొట్టేసుకుంటూ వచ్చాను. సున్న ఉండాల్సిన చోట మూడు ఉంది.

అప్పటికీ ఒక ఆశ మిగిలింది. అలాంటి సంఖ్యతో ఖాతా లేకపోతే, డబ్బు చేరిన విడత ముగిసిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు దాన్ని వెనక్కి పంపాలి. ఆ సాయంత్రమంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. చీకటి పడినా ఏమీ రాలేదు. అంటే ఆ సంఖ్యతో నిజంగానే ఎవరికో ఖాతా ఉంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి. పేరు గడిలో నేను ఏజెంటు పేరును అక్షరం పొల్లుపోకుండా రాశాను. డబ్బు చేరిన ఖాతా మరొకరిది. పేరు ఒకరిది, ఖాతా ఇంకొకరిది అయినప్పుడు బ్యాంకు ఎందుకు ఆపలేదని ఎవరికైనా అనిపిస్తుంది. 2010 అక్టోబరు 14న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో డబ్బును ఖాతా సంఖ్య ఒక్కదాని ఆధారంగా జమ చేయవచ్చు. సంఖ్యను సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవారిదే. కౌంటరులో వోచరు ఇచ్చినప్పుడు గుమాస్తా పేరు చూసి "ఇది మీదేనా?" అని అడిగిన కాలానికి అలవాటుపడిన మనం, ఫోన్‌లోని పేరు గడి కూడా అదే పని చేస్తుందనుకుంటాం. నా విషయంలో ఆ గడి అలంకారానికి ఉన్నట్టే అయింది. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడు కూడా ఆదుకోలేదు. నేను కొట్టింది నల్గొండ శాఖ కోడు, డబ్బు చేరింది కల్వకుర్తి వైపు శాఖలోని ఖాతాకు.

ఆ రాత్రి సలహాలు వెల్లువెత్తాయి. వాటిలో ఎక్కువ మంది చెప్పింది 1930కి ఫోన్ చేయమని. నేను చేయలేదు, ఇప్పటికీ అదే సరైన పని అనుకుంటున్నాను. ఆ నంబరు సైబర్ మోసాల కోసం పెట్టినది. నన్ను ఎవరూ మోసం చేయలేదు, నేనే నా చేతులతో పంపాను. మోసం జరిగిందని అబద్ధం చెబితే అవతలివారి ఖాతా స్తంభించిపోయే ప్రమాదం ఉంది. నా పొరపాటుకు ముక్కూ ముఖం తెలియని మనిషిని నేరస్తుల వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. పైగా ఆ తర్వాత డబ్బు వెనక్కి రావాలంటే ఆయన సంతకమే మనకు కావాలి.

సోమవారం బ్యాంకు తెరిచే వేళకు గడియారం సెంటర్ దాటి మా శాఖకు వెళ్లాను. అంతకుముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఒక ఫిర్యాదు నంబరు సంపాదించాను గానీ, దానివల్ల ఒరిగిందేమీ లేదు. పని నడిచింది కాగితంతోనే. అర్జీలో డబ్బు పంపిన తేదీ, సమయం, మొత్తం, ఆ చెల్లింపును గుర్తించే 16 అక్షరాల యూటీఆర్ సంఖ్య, పొరపాటున పంపిన ఖాతా సంఖ్య, పంపవలసిన ఖాతా సంఖ్య, పొరపాటు ఎలా జరిగిందో రెండు వాక్యాలు రాసి, ఏజెంటు పాసు పుస్తకం నకలు, నా ఖాతా స్టేట్‌మెంటు జత చేశాను. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. తర్వాత ఎవరిని కలిసినా మొదట చూసింది ఆ ముద్రనే.

మా శాఖ అధికారి ఓపికగా మాట్లాడాడు గానీ ఆశ పెంచలేదు. వాళ్లు అవతలి బ్యాంకుకు సందేశం పంపుతారు, అవతలి శాఖ తన ఖాతాదారును పిలిచి అడుగుతుంది, ఆయన ఒప్పుకుని అంగీకార పత్రం మీద సంతకం పెడితే డబ్బు వెనక్కి వస్తుంది. ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తానుగా ఆ ఖాతాలోంచి తీసి ఇవ్వదు. ఖాతాదారు పేరు, ఫోన్ నంబరు కూడా నాకు చెప్పరు. ఇది విన్నప్పుడు కోపం వచ్చింది. నా ఖాతాలో పొరపాటున ఎవరో డబ్బు వేసి, నా చిరునామా పట్టుకుని నేరుగా మా ఇంటికి వస్తే ఎలా ఉంటుందని ఆలోచించాక ఆ కోపం కొంత తగ్గింది. నాలుగో రోజున అవతలి శాఖ ఏదో మాత్రం తెలిసింది.

ఈలోపు ఏజెంటు ఊరుకోలేదు. అతని ఇబ్బంది అతనిది, బండివాళ్లకు డీజిలు డబ్బులు కట్టాలి. బావ దగ్గర 46,000 చేబదులు తీసుకుని, ఈసారి ముందుగా ఒక్క రూపాయి పంపి, అది పడినట్టు ఏజెంటు ఫోన్‌కు వచ్చిన సందేశాన్ని తెప్పించుకుని, ఆ తర్వాతే మిగతాది వేశాను. ఒకే బోరుకు రెండుసార్లు కట్టిన మనిషిగా మా ఇంట్లో నాకు వచ్చిన పేరు సంగతి ఇక్కడ రాయను.

పదకొండో రోజు దాకా కదలిక లేకపోవడంతో దేవరకొండ మీదుగా బస్సులో ఆ శాఖకే వెళ్లాను. అక్కడి మేనేజరు నా ముద్ర కాగితం చూసి, కంప్యూటరు చూసి, ఖాతాదారుకు తానే ఫోన్ చేసి రమ్మన్నారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. గంటన్నర తర్వాత, భుజాన తువ్వాలతో, అరవై దాటిన ఒక రైతు లోపలికి వెళ్లాడు. కాసేపటికి, ఆయన ఒప్పుకున్నాకే, నన్ను పిలిచారు.

"రైతు భరోసా పడ్డదేమోనని ఉరికొచ్చిన సారూ" అన్నాడాయన, నన్ను చూస్తూ నవ్వి. ఆ ఏడాది జనవరి 26న మొదలైన రైతు భరోసా, అంటే రైతులకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం డబ్బులు అప్పుడే విడతలవారీగా పడుతున్నాయి. తన ఖాతాలో 46,000 ఉన్నట్టు ఆయనకు అసలు తెలియదు. బ్యాంకులో ఇచ్చిన నంబరు పాతది, సందేశాలు రావు. తెలిసినా తీసుకోగలిగేవాడు కాదు. పంట రుణం బాకీ పడినందున ఆయన పొదుపు ఖాతా హోల్డ్‌లో ఉంది, అంటే అందులోంచి డబ్బు తీయకుండా బ్యాంకు ఆపి ఉంచింది. నా డబ్బుకు పదకొండు రోజులు కాపలా కాసింది ఆయన అప్పు అన్న సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆయన అంగీకార పత్రం మీద అక్కడే సంతకం పెట్టాడు. చిక్కు అక్కడితో తీరలేదు. బాకీ ఉన్న ఖాతాలోకి వచ్చిన డబ్బును బయటికి వదలాలంటే పైఆఫీసు అనుమతి కావాలన్నారు మేనేజరు. అది ఖాతాదారు సొమ్ము కాదు, పొరపాటున వచ్చినదని మరో అర్జీ రాయమన్నారు. నల్గొండలో వకీలుగా ఉన్న మిత్రుడిని ఫోన్‌లో అడిగి, 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షన్‌ను అందులో ఉదహరించాను. పొరపాటున చెల్లించిన డబ్బును అందుకున్నవారు తిరిగి ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్క వాక్యం వల్లనే పని జరిగిందని నేను అనుకోవడం లేదు. కాగితం ఎందుకు కదపాలో పైఆఫీసుకు చెప్పడానికి మేనేజరుకు ఒక ఆధారం మాత్రం దొరికింది.

అవతలి మనిషి మొండికేసి ఉంటే ఏమయ్యేదని కూడా మిత్రుడిని అడిగాను. ముందు లాయరు నోటీసు, తర్వాత సివిల్ దావా, దానికి సాధారణంగా మూడేళ్ల గడువు. తనది కాదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. బ్యాంకు అర్జీ తీసుకుని ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి 14448 నంబరు ఉంది. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవలో లోపాన్నే. తప్పు సంఖ్య కొట్టింది నేను కాబట్టి, బ్యాంకు చేయవలసింది చేసి ఉంటే అక్కడ నాకు దక్కేది పెద్దగా ఉండదు. అందుకే ముందే సెక్షన్లతో బెదిరించడం కంటే ఒక బస్సు టికెట్ మేలని నా అభిప్రాయం. అవతల సంతకం పెట్టవలసిన చేయి మనకు అప్పుపడిన చేయి కాదు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం 46,000 రూపాయలు, రూపాయి కోత లేకుండా, నా ఖాతాలో పడ్డాయి. బావ డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేశాను, చేతికే.

ఇది జరిగిన కొన్ని వారాలకే ఇంకో మార్పు వచ్చింది. నెఫ్ట్ ద్వారా, పెద్ద మొత్తాలకు వాడే ఆర్టీజీఎస్ ద్వారా పంపేటప్పుడు, డబ్బు పంపకముందే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 లోగా ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు 30న బ్యాంకులను ఆదేశించింది. అంతకుముందు మనం రాసిన పేరే మనకు కనిపించేది. ఇప్పుడు అవతలి బ్యాంకు రికార్డులో ఉన్న పేరు కనిపిస్తుంది. ఆ ఏర్పాటు రెండు నెలలు ముందే వచ్చి ఉంటే, ఆదివారం పొద్దున్న నా ఫోన్‌లో కల్వకుర్తి రైతు పేరు కనిపించేది, ఈ కథే ఉండేది కాదు.

మొన్న వానాకాలంలో అదే బోరులో మోటారు కాలిపోతే, మరమ్మతు డబ్బులు పంపమని చిన్నాయన మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి "సున్న, సున్న, సున్న" అని ఒక్కొక్కటిగా పలికాడు. నేను సంఖ్య కొట్టి పేరు చూస్తే, మెకానిక్‌ది కాదు, ఎవరో ఆడమనిషి పేరు వచ్చింది. ఆగి మెకానిక్‌కు ఫోన్ చేశాను. "మా ఇంటామె పేరు మీదనే ఉన్నది సార్ ఖాతా, ఎయ్యండి" అన్నాడు. ముందు ఒక్క రూపాయి వేసి, సందేశం ఫొటో పంపమన్నాను. పంపాడు.