ఫ్రోనౌ గుట్ట మీద ఇల్లు

ఆదివారం

వారమంతా ఆఫీసులో టెన్షనే. ఈ రోజు కాసేపు ఊరికే కూర్చోవాలనిపించి, పొద్దున్నే ఎస్1 రైలెక్కి ఫ్రోనౌ వెళ్లాను. బెర్లిన్‌కి ఉత్తరపు కొసన ఉన్న పేట అది. 1910లో గార్డెన్ సిటీగా మొదలైంది. ఇప్పటికీ అన్నీ పెద్ద పెద్ద చెట్లు, వాటి వెనక పాత విల్లాలు. రోడ్ల మీద కుక్కల్ని తిప్పుకునేవాళ్లు తప్ప జనం లేరు.

ఎడెల్‌హోఫ్‌డామ్ వీధిలో నడుస్తుంటే ఒకచోట రాతి ఏనుగుల ద్వారం కనిపిస్తుంది. గుట్ట మీదున్న ‘బౌద్ధ గృహం’ అనే విహారానికి దారి అది. చూడగానే నాకు సాంచీ తోరణం గుర్తొచ్చింది. లోపల 73 మెట్లు. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గానికి (ఎనిమిది అంగాల దారికి) గుర్తుగా వాటిని ఎనిమిది భాగాలు చేశారు, మధ్యమధ్యలో ఆగడానికి చోటుంది. రాలిన ఆకులు తడిసి మెట్లకు అంటుకుని ఉన్నాయి. నా ముందు ఒక పెద్దాయన కర్ర ఊతంతో, ఆగి ఆగి ఎక్కుతున్నాడు. ఆయన్ని దాటి పోవాలనిపించలేదు. వెనకే మెల్లగా ఎక్కాను. అలా ఎక్కితేనే ఈ మెట్లు కట్టినాయన మనసులో ఏముందో కాస్త తెలుస్తుంది.

కట్టినాయన డాక్టర్ పాల్ డాల్కె. తూర్పు ప్రష్యాలో 1865లో పుట్టాడు. బెర్లిన్‌లో పేరున్న హోమియో వైద్యుడు. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్లి, అక్కడ పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలు చదివి బౌద్ధుడయ్యాడు. తిరిగొచ్చి అటు రోగుల్ని చూస్తూనే ఇటు బుద్ధుడి మాటల్ని జర్మన్‌లోకి అనువదించాడు. 1924లో ఆర్కిటెక్ట్ మాక్స్ మేయర్ చేత ఈ గుట్ట మీద ఇల్లు కట్టించాడు. యుద్ధం ఓడిపోయి, నోట్లకు విలువ లేకుండా పోయిన ఆ రోజుల్లో ఒక డాక్టరు తన సంపాదనతో ఇలాంటి పని తలపెట్టాడంటే నాకు చాలా గౌరవం కలుగుతుంది. 1928లో ఆయన చనిపోయాడు. అంత ఇష్టంగా కట్టుకున్న ఇంట్లో నాలుగేళ్లే ఉన్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇల్లూ ప్రార్థనా మందిరమూ పక్కపక్కనే ఉండటం. మన ఇళ్లలో దేవుడి గది ఉన్నట్టే ఇక్కడ నివాసాన్ని ఆనుకుని ధ్యానమందిరం ఉంది. బెర్లిన్‌లో పెద్ద పెద్ద చర్చిలు చూశాను, అందంగానే ఉంటాయి, కానీ బయటివాళ్లలా చూసి వచ్చేస్తాం. ఇక్కడ చెప్పులు విప్పి లోపలికి వెళ్తే, పక్కన ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దానివల్ల ధ్యానం చెడలేదు. ఎవరింట్లోనో కూర్చున్నట్టే అనిపించింది.

డాక్టరు పోయాక ఈ చోటు నిలవడం అంత తేలికగా జరగలేదు. హిట్లర్ కాలం, యుద్ధం, ఆ తర్వాత ముక్కలైన నగరం. ఫ్రోనౌ ఫ్రెంచి వాళ్ల భాగంలో పడింది. కొలంబోలో వాచీల వ్యాపారం చేసుకునే అశోక వీరరత్న జర్మనీలో బౌద్ధం కోసం 1952లో ఒక సంఘం పెట్టారు. 1957లో ఆ సంఘమే డాల్కె వారసుల దగ్గర ఈ ఇంటిని కొనేసింది. అప్పట్నుంచి శ్రీలంక భిక్షువులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 1961లో బెర్లిన్ గోడ కట్టినప్పుడు ఈ పేట చుట్టూ మూడు వైపులా కంచెలు లేచాయి. అప్పుడు కూడా పైన గుట్ట మీద ఎవరో ఒకరు దీపం వెలిగిస్తూనే ఉన్నారన్న ఊహ నాకు ఎంతో ఇష్టం. తర్వాత వీరరత్న వ్యాపారం వదిలేసి తానే భిక్షువయ్యారు.

ఇదంతా ఆలోచిస్తుంటే నాగార్జునకొండ గుర్తొచ్చింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి థేరుల (పెద్ద భిక్షువుల) కోసం అక్కడ చైత్యగృహం, అంటే స్తూపమున్న ప్రార్థనా మందిరం, కట్టించింది. తామ్రపర్ణి అంటే లంక. ఆమె శాసనంలో సింహళ విహారం ప్రస్తావన కూడా ఉంది. ఆ లోయంతా ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. చిన్నప్పుడు స్కూలు వాళ్లు లాంచీలో ద్వీపం మ్యూజియానికి తీసుకెళ్తే శిల్పాలు చూశాను గానీ, బోధిసిరి పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున లంక భిక్షువులకు నీడనిచ్చిన స్త్రీ ఆమె. పిల్లలకు చెప్పదగ్గ సంగతి కదా.

పదకొండు దాటాక ఒక శ్రీలంక కుటుంబం భోజనం తెచ్చింది. శ్రీలంకలో పాటించే థేరవాద బౌద్ధంలో భిక్షువులు మధ్యాహ్నం దాటితే తినరు, కాబట్టి ఆలోపే వడ్డించాలి. అన్నం, పప్పు, కొబ్బరి పచ్చడి, వంకాయ కూర. వాసనకే నాకు ఇల్లు గుర్తొచ్చింది. ముందు త్రిశరణం, పంచశీలాలు చెప్పారు. “బుద్ధం సరణం గచ్ఛామి” అని అందరితో కలిసి నేనూ అన్నాను. పది, పదిహేనుమంది ఉంటాం. జర్మన్లు ముగ్గురో నలుగురో, మిగతావాళ్లు లంక వాళ్లు. మెట్ల మీద చూసిన పెద్దాయన గోడకానుకుని కుర్చీలో కూర్చున్నారు. పాళీ మాటలు చూడకుండా చెప్పారు.

భిక్షువులు తిన్నాక మాకూ వడ్డించారు. పక్కన కూర్చున్నావిడ “మీరు కూడా ఒక రోజు భిక్షువులకు భోజనం దానం ఇవ్వొచ్చు, హిందువులైతే ఏం?” అంది. నవంబరులో ఒక ఆదివారం ఖాళీగా ఉందట, పేరు రాయించాను. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. పులిహోర చేస్తానంటే, పులుసు ముందురోజే ఉడికించి పెట్టుకో, పొద్దున హడావుడి పడకు అంది. ఇంతలో నాన్న ఫోన్ లాక్కుని, అన్ని మెట్లు గిన్నెలు మోసుకుంటూ ఎలా ఎక్కుతావని అడిగారు. ఆఫీసులో రవళిని తోడు రమ్మంటాను.